నాన్నకి, షాపు అడ్రసుకి

లండన్,
మే 4, ఆదివారం

నాన్నా,

ఉత్తరం షాపు అడ్రసుకి వచ్చిందేమిటా అని కంగారు పడకు. అందరం బాగున్నాం. ఇంటికి రాస్తే ముందు అమ్మ విప్పుతుంది. ఫోన్లో చెబుదామంటే స్పీకర్ పెట్టి ఇద్దరూ వింటారు, పైగా ఈ మధ్య నీకు ఫోన్లో సగమే వినబడుతోంది. ఇది పంచర్లేమీ రాని మధ్యాహ్నం పూట స్టూలు మీద కూర్చుని నిదానంగా చదువుకోవాల్సిన సంగతి. చదివాక అమ్మకి ఎంతవరకు చెప్పాలో నువ్వే చూసుకో.

నేను సైకిల్ రేసుకి పేరిచ్చాను. రోడ్డు మీద కాదు, ట్రాక్ మీద. ఈ నెలాఖరు బుధవారం సాయంత్రం. నలభై ఒకటో ఏట ఇదేం పిచ్చే అని నవ్వుతావు. నవ్వుకో. కానీ చివర్లో ఒక డౌటు అడుగుతాను, దానికి మాత్రం జవాబు చెప్పాలి. ఇక్కడ అడిగితే చెప్పేవాళ్ళు ఉన్నారు గానీ, నువ్వు చెబితే తప్ప నాకు నిద్ర పట్టదు.

మేముండే క్రాయ్‌డన్ నుంచి సైకిల్ మీద వెళ్తే ముప్పావు గంటలో హెర్న్ హిల్ వస్తుంది. అక్కడ రెండు ఇళ్ళ మధ్య సన్నటి సందు. అందులోకి తిరిగితే ఎవరి పెరట్లోకో వెళ్తున్నామనిపిస్తుంది. కాస్త లోపలికి పోగానే పెద్ద మైదానం, చుట్టూ 450 మీటర్ల గుండ్రటి ట్రాక్. 1891లో మొదలైందట, ఇప్పటికీ నడుస్తోంది. 1948 ఒలింపిక్స్ సైకిల్ ట్రాక్ పోటీలు ఇక్కడే జరిగాయి. స్వాతంత్ర్యం వచ్చి ఏడాదైనా కాని రోజుల్లో మనవాళ్ళు కూడా వచ్చి ఈ ట్రాక్ మీదే తొక్కారు. టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన మొదటి ఇంగ్లండ్ మనిషి బ్రాడ్లీ విగ్గిన్స్ చిన్నప్పుడు మొదలుపెట్టిందీ ఇక్కడే. అలాంటి చోట మన పొన్నూరు పంచర్ షాపు పిల్ల వీపు మీద నంబరు పెట్టుకుని నిలబడుతుందంటే, నీకేమో గానీ నాకు నవ్వూ వస్తోంది, కడుపులో తిప్పినట్టూ ఉంటోంది.

ఇక సైకిల్ సంగతి. నువ్వు ముందు అడిగేది అదేగా. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఉక్కు ఫ్రేము. గొట్టం మీద రెనాల్డ్స్ 531 అని స్టిక్కరు సగం ఊడిపోయి ఉంది. బర్మింగ్‌హామ్‌లో 1935లో మొదలుపెట్టిన గొట్టం అది. గోటితో కొడితే గంటలాగా మోగుతుంది. మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, క్యారియర్ లేదు, బెల్లు లేదు. బ్రేకులు కూడా లేవు.

అవును, రెండూ లేవు. ఇదే అమ్మకి చెప్పకూడని మాట.

ఫ్రీవీల్ కూడా లేదు. వెనక పళ్ళ చక్రం హబ్బుకే మర తిప్పి బిగించి ఉంటుంది, దాని మీద ఇంకో రింగు. ఆ రింగుకి ఎదురు మర. విప్పబోయి మొదటిసారి తప్పు వైపు తిప్పుతూ చెయ్యి నొప్పి పుట్టించుకున్నాను. ఎడమ పెడలుకి ఎదురు మర ఎందుకుంటుందో ఎనిమిదో క్లాసు సెలవుల్లో నువ్వు చెప్పింది అప్పుడు గుర్తొచ్చి, ఇటు తిప్పగానే ఊడివచ్చింది. పెడళ్ళని వెనక్కి నొక్కి వేగం తగ్గించేటప్పుడు పళ్ళ చక్రం మర విడిపోకుండా ఆ రింగు పట్టుకుని ఉంటుంది. చక్రం తిరిగినంత సేపు పెడలు తిరుగుతుంది, పెడలు తిరిగినంత సేపు కాలు తిరగాల్సిందే. గల్లా పెట్టె దగ్గర కూర్చుని, వీధిలో పోయే ఫ్రీవీల్ టిక్‌టిక్ విని అది ఎవరి సైకిలో చెప్పేవాడివి గుర్తుందా? దీని మీద ఎంత వేగంగా పోయినా చప్పుడే ఉండదు. గాలి, చైను, పక్కవాళ్ళ ఆయాసం, అంతే.

మొదటి రోజే శాస్తి జరిగింది. ఆరు రౌండ్లు హాయిగా తొక్కి, అలిసిపోయి, మామూలుగా కాలు ఆపేశాను. సైకిల్ ఆగలేదు. పెడలు నా కాలిని ఎత్తి విసిరింది. సీటు మీద నుంచి జానెడు పైకి లేచి, ఎలాగో మళ్ళీ కూర్చున్నాను. పడలేదు గానీ గుండె నోట్లోకి వచ్చింది. నేర్పించే ఆవిడ నవ్వి, అందరికీ ఒకసారి అవుతుంది, రెండోసారి కానివ్వకు అంది. ముప్పై ఏళ్ళ అలవాటుని కాళ్ళ నుంచి తీసేయడం గేరు మార్చినంత తేలిక కాదు నాన్నా. ఇప్పటికీ ఇంటి సైకిల్ మీద మార్కెట్‌కి వెళ్ళొచ్చిన మర్నాడు ట్రాక్ ఎక్కితే మొదటి రెండు రౌండ్లు ‘ఆపకు, ఆపకు’ అని మనసులో అనుకుంటూనే ఉంటాను.

బ్రేకులు లేకపోవడమే మంచిదని నాకు అర్థం కావడానికి నెల పట్టింది. ఇరవై మంది జానెడు దూరంలో ఒకరి వెనక ఒకరు పోతున్నప్పుడు ఒకడు ఠక్కున బ్రేకు వేస్తే వెనకవాళ్ళంతా పేకమేడే. ఎవరికీ బ్రేకు లేదు కాబట్టి ఎవరూ హఠాత్తుగా ఆగరు. వేగం తగ్గాలంటే పెడలుకి ఎదురు నొక్కాలి, లేదా ట్రాక్ బయటి అంచు వైపు ఏటవాలుగా లేచే గట్టు పైకి ఎక్కాలి. పైకి ఎక్కితే దానంతటదే నెమ్మదిస్తుంది, కిందకి దిగితే దానంతటదే ఊపందుకుంటుంది. హెర్న్ హిల్ గట్టు పెద్ద ఏటవాలేమీ కాదు. తూర్పు లండన్‌లో 2012 ఒలింపిక్స్‌కి కట్టిన ట్రాక్‌కి ఒకసారి తీసుకెళ్ళారు. అది 250 మీటర్లే, అంతా సైబీరియా పైన్ చెక్క, మలుపుల్లో 42 డిగ్రీలు వాలు. కింద నుంచి చూస్తే గోడ. నెమ్మదిగా పోతే చక్రం జారుతుంది కాబట్టి భయమేస్తే ఇంకా గట్టిగా తొక్కాలి. మన ఒంట్లో ఉన్న తెలివి మొత్తానికి ఇది తలకిందులు. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో కూడా సైకిల్ ట్రాక్ ఉంది. చెల్లి అక్కడే హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఎన్నిసార్లు వెళ్ళొచ్చామో, ఒక్కసారి తొంగి చూసిన పాపాన పోలేదు.

లెక్కలు నీకు ఇష్టం కదా, చెబుతాను. ముందు 48 పళ్ళు, వెనక 15. ఒక్క తొక్కుకి దాదాపు 6.7 మీటర్లు పోతుంది. మన అట్లాస్‌కి ముందు 44, వెనక 18 వేసుకుంటే ఐదున్నర మీటర్లు కూడా రాదు. ఇక్కడ రౌండుకి 67 తొక్కులు. గంటకి 40 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే నిమిషానికి వంద చుట్లు తిప్పాలి, ఒక్క క్షణం కూడా వదలకుండా. వాన పడే రోజుల్లో ఇది ఇంట్లోనే సాధన చేశాను. మూడు డ్రమ్ములున్న ఒక చట్రం ఉంటుంది, దాని మీద సైకిల్ పెట్టి తొక్కాలి. ఎక్కడా కట్టేసి ఉండదు, బ్యాలెన్సు తప్పితే పక్కకి పడటమే. మొదటి వారం మీ అల్లుడు తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాడు, నన్ను పట్టుకోడానికి కాదు, టీవీని కాపాడటానికి.

ఆ డ్రమ్ముల మీద తొక్కుతుంటే నాకు ఎప్పుడూ మన గ్రౌండ్‌లో వారం రోజులు సైకిల్ దిగకుండా తొక్కినాయన గుర్తొస్తాడు. స్నానం దాని మీదే, అన్నం దాని మీదే, మైకులో పాటలు, చొక్కాకి పిన్నీసుతో గుచ్చిన రూపాయి నోట్లు. మూడో రోజు ఆయన వెనక చక్రం వంకర పోతే నువ్వు పరిగెత్తుకుంటూ వెంటపడి స్పోకులు బిగించావు, డబ్బులు తీసుకోలేదు. ఇక్కడి వాళ్ళకి ఈ కథ చెబితే నమ్మరనుకున్నాను. తీరా చూస్తే వీళ్ళదీ అదే కథ! 1878లో ఇదే లండన్‌లో, ఇస్లింగ్టన్‌లోని అగ్రికల్చరల్ హాల్లో ఆరు రోజుల సైకిల్ పందెం పెట్టారట. ఆదివారం చర్చి ఉంటుంది కాబట్టి ఆరు. తర్వాత అమెరికాలో మనుషులు నిద్ర లేక పిచ్చెక్కిపోతుంటే, ఒక మనిషి రోజుకి 12 గంటలకి మించి తొక్కకూడదని న్యూయార్క్‌లో చట్టం తెచ్చారు. అప్పటి నుంచి ఇద్దరిద్దరు జోడీగా మారి మారి తొక్కుతున్నారు. మన గ్రౌండ్ ఆయనకి జోడీ ఎవరున్నారు, పాపం.

ఇంకొకటి చెబితే నువ్వే ఎగిరి గంతేస్తావు. సంక్రాంతికి స్లో సైకిల్ పోటీలో నువ్వు రెండుసార్లు గెలిచావుగా? ఇక్కడ పెద్ద పెద్ద ఆటగాళ్ళు కూడా ఇద్దరు పోటీపడేటప్పుడు ముందు పోకుండా గట్టు మీద సైకిల్‌ని నిలబెట్టేసి, నువ్వు ముందంటే నువ్వు ముందని చూస్తూ ఉంటారు. ముందు పోయినవాడు గాలిని చీల్చాలి, వెనకవాడు ఆ నీడలో వచ్చి చివర్లో దాటేస్తాడు. ఆ విద్య నీకు పుట్టుకతో వచ్చింది. నాకు రాలేదు, రెండు సెకన్లకే కాలు కింద పెడతాను.

ఆ బుధవారం నేను దిగేవి రెండు. ఒకటి పది రౌండ్లు, ఎవరు ముందు గీత దాటితే వాళ్ళది. రెండోదాన్ని వీళ్ళు ‘డెవిల్’ అంటారు. ప్రతి రౌండుకీ చివర ఉన్నవాళ్ళని తీసేస్తూ పోతారు, లెక్కకి వెనక చక్రం చూస్తారు. కింద, లోపలి గీత దగ్గర హాయిగా ఉంది కదా అని కూర్చుంటే పైనుంచి అందరూ దాటిపోతారు, బయటికి రావడానికి దారి ఉండదు. గుంటూరు బస్టాండులో క్యూ మర్యాదగా పాటించినవాడి గతే. నా లెక్క ప్రకారం దయ్యానికి నాలుగో రౌండులో దొరికిపోతాను. ఐదోది చూస్తే పండగే.

ఓడిపోతానని నాకు టెన్షన్ లేదు నాన్నా. నా వల్ల ఇంకొకళ్ళు పడతారేమోనని భయం. పట్టుకున్న గీత వదలకూడదు. పైకి వెళ్ళాలంటే ముందు కుడి భుజం మీదుగా వెనక్కి చూడాలి. చూసేటప్పుడు హ్యాండిల్ ఒంగకూడదు. మన రోడ్డు మీద ముప్పై ఏళ్ళు తొక్కి నేను ఒక్కసారైనా వెనక్కి చూశానా? వెనకవాడే హారన్ కొట్టుకుంటాడులే అనుకోవడమే. ఇక్కడ దాటేవాళ్ళు ‘స్టే’ అని గట్టిగా అరుస్తారు, ఉన్నచోటే ఉండు, కదలకు అని. మొదట్లో నాకు గొంతు లేచేది కాదు, కొత్త కోడల్లాగా గొణిగేదాన్ని. నేర్పించే ఆవిడ నన్ను మైదానం మధ్యలో నిలబెట్టి పదిసార్లు అరిపించింది. పోయిన ఆదివారం కంగారులో నోటికి తెలుగు వచ్చి ‘ఆగండీ!’ అని అరిచాను. ట్రాక్ మీద అనకూడని మాటంటే అదే. అదృష్టం, ఎవరికీ అర్థం కాలేదు.

బట్టల సంగతి రాయను, ఒంటికి అతుక్కుని ఉంటాయి, ఫొటో అడగకు. తిండి మాత్రం మనదే. రేసుకి మూడు గంటల ముందు పెరుగన్నం, గంట ముందు అరటిపండు. ఆవకాయ లేకుండా. అది కాస్త కష్టంగానే ఉంది. వాన పడితే ఆ సాయంత్రం రేసులు ఉండవు, పైన కప్పు లేదు కదా. కాబట్టి ఆ రోజు ఇక్కడ ఎండ కాయాలని నువ్వు కూడా అనుకో. మీకు రోహిణి కార్తెలో అలా అనుకోవడం కష్టమే గానీ, కొంచెం ఇటు పంపమను.

ఇప్పుడు అసలు సంగతి. చైను.

వెనక చక్రం ఇరుసు నట్లు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం ఆడేలా పెట్టాను, నువ్వు చేసినట్టే. కానీ పెడలు మెల్లగా తిప్పుతుంటే ఒకచోట బిగుసుకుంటోంది, దాని ఎదుటి చోట వేలాడుతోంది. వేలాడే చోట సరిచేస్తే బిగుసుకునే చోట కరకరమంటోంది. ప్రతి చుట్టుకీ అదే చోట, కుడి పెడలు గడియారంలో నాలుగు గంటల దగ్గరకి వచ్చినప్పుడు. అంటే తప్పు చైనుది కాదు, ముందు చైను వీలుదే, మధ్యకి సరిగ్గా కూర్చోలేదు. అంతవరకు నీ పాఠం గుర్తుంది. మామూలు సైకిల్‌కైతే ఇంత పట్టించుకోను. చైను ఊడితే దిగి, నల్ల చేతులతో ఎక్కించుకుని పోతాం. దీనికి ఊడితే వెనక చక్రం పట్టేస్తుంది, నా వెనక ఇరవై మంది ఉంటారు.

నువ్వు కాటర్ పిన్ను సైకిళ్ళకి చైను వీలుని సుత్తితో ‘టక్ టక్’ అని రెండు దెబ్బలు కొట్టి సరిచేసేవాడివి. దీనికి కాటర్ పిన్ను లేదు, ఐదు బోల్టులతో బిగించిన అల్యూమినియం చక్రం. బోల్టులు కొద్దిగా వదులు చేసి కొట్టాలా? బిగుసుకున్న చోట చైను మీద కొట్టాలా, చక్రం మీదా? సుత్తికీ దానికీ మధ్య చెక్క పెట్టాలా? లేక ఇది బాగుపడే రకం కాదు, కొత్తది కొనుక్కోమంటావా?

ఉత్తరం చేరడానికి పది రోజులు పట్టినా ఇంకా టైము ఉంటుంది. షాపు తెరిచాక, అమ్మ పక్కన లేనప్పుడు, మందుల షాపు వాళ్ళ ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇవ్వు. నేనే చేస్తాను. సైకిల్ తలకిందులు చేసి పక్కనే పెట్టుకుంటాను, నువ్వు చెబుతుంటే కొడతాను. ఫోన్ దగ్గరగా పెడతాను, చప్పుడు విని నువ్వే చెప్పు సరిపోయిందో లేదో.

నీ
అమ్మడు