ఇంటికి పంపే ముందే నేర్పాలి

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక ఆరోగ్య పుటలో క్లిష్టమైన ఆపరేషన్ల గురించి తరచుగా కథనాలు వస్తుంటాయి. ఎన్ని గంటలు పట్టింది, ఎంతమంది వైద్యులు పాల్గొన్నారు, ఏ పరికరాలు వాడారు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. చివరి వాక్యం మాత్రం దాదాపు ప్రతిసారీ ఒకటే: రోగి కోలుకుంటున్నారు. ఆ కోలుకోవడం ఎలా ఉంటుందో, ఎవరి చేతుల మీదుగా జరుగుతుందో కూడా రాయవలసిందిగా కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా తమ్ముడు చాలా ఏళ్లు అల్సరేటివ్ కొలైటిస్‌తో, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే దీర్ఘవ్యాధితో బాధపడ్డాడు. ఏ మందూ పనిచేయని స్థితి వచ్చాక వైద్యులు పెద్దపేగు తొలగించి, చిన్నపేగు చివరను పొట్ట మీద చేసిన రంధ్రం గుండా బయటికి తెచ్చి కుట్టారు. దీన్ని ఇలియోస్టమీ అంటారు. మలం పొట్టకు అతికించిన సంచిలోకి వస్తుంది. ఆపరేషన్ చేసిన వారి నైపుణ్యం పట్ల మాకు కృతజ్ఞత తప్ప మరో మాట లేదు. అయితే డిశ్చార్జి రోజున మా చేతికి వచ్చిన కాగితంలో మందుల పేర్లు, మళ్లీ చూపించుకోవలసిన తేదీ, 'పరిస్థితి సంతృప్తికరం' అన్న మాట తప్ప మరేమీ లేవు. సంచి మార్చే పద్ధతిని ఒక నర్సు ఒకే ఒక్కసారి చేసి చూపించారు, అదీ వాడు నొప్పి మందుల మత్తులో ఉన్నప్పుడు.

దీర్ఘవ్యాధికి చేసే ఆపరేషన్ ఆరోగ్యవంతుడికి హఠాత్తుగా చేసే ఆపరేషన్ లాంటిది కాదు. రోగి బల్ల మీదికి వెళ్లేటప్పటికే రక్తం తగ్గి, కండ కరిగి, నెలల తరబడి స్టిరాయిడ్లు వాడి ఉంటాడు. స్టిరాయిడ్ల వల్ల గాయం నెమ్మదిగా మానుతుంది, ఇన్‌ఫెక్షన్ సోకే అవకాశం పెరుగుతుంది. పైగా పేగు తీసేశాం కదా అని వాటిని ఒక్కసారిగా ఆపేయడానికి వీల్లేదు. ఇన్నాళ్లూ స్టిరాయిడ్ల రూపంలో బయటి నుంచి అందిన హార్మోనుకు అలవాటుపడి శరీరం సొంతంగా తయారుచేసుకోవడం తగ్గించేసి ఉంటుంది కాబట్టి, వైద్యులు చెప్పిన క్రమంలోనే మోతాదు దించుకుంటూ రావాలి. ఇది తెలియని బంధువులు "ఇంకా ఎందుకు నీరసం? రోగం తీసేశారుగా" అని అడుగుతుంటే, దాని కన్నా ఆపరేషన్ నొప్పే నయమనిపించేది వాడికి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నీటి సంగతి. శరీరంలోని నీటిని, ఉప్పును చివరగా పీల్చుకునేది పెద్దపేగు. అది లేనప్పుడు, ముఖ్యంగా మొదటి వారాల్లో, రెండూ సంచిలోకి కారిపోతుంటాయి. రోజుకు లీటరున్నర దాటి పోతుంటే ప్రమాదమని వైద్యులు లెక్కిస్తారు. ఇక్కడే చాలా కుటుంబాలు తెలియక పొరపడే అవకాశం ఉంది. దాహమేస్తోందని మంచినీళ్లు ఎక్కువగా తాగిస్తే, ఆ నీరు పేగులోంచి మరింత ఉప్పును లాక్కుని బయటికి పోతుంది. తాగినకొద్దీ దాహం పెరుగుతుంది. ఉప్పు, గ్లూకోజు తగిన పాళ్లలో కలిసి ఉన్నప్పుడే చిన్నపేగు నీటిని బాగా పీల్చుకోగలదు. అందుకే అలాంటివారికి మంచినీరు తగ్గించి, ఓఆర్‌ఎస్ లాంటి ద్రావణాన్ని కొద్దికొద్దిగా తాగమంటారు. ఇలియోస్టమీ తర్వాత రోగులు మళ్లీ ఆసుపత్రిలో చేరడానికి ముఖ్య కారణాల్లో ఒకటి ఈ నిర్జలీకరణమే. సకాలంలో గుర్తించకపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇంత ముఖ్యమైన విషయం కాగితం మీద ఒక్క వాక్యంగానైనా లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక చర్మం. చిన్నపేగులోంచి వచ్చే ద్రవంలో జీర్ణరసాలు ఉంటాయి; అవి చర్మాన్ని కొరికేస్తాయి. సంచి అంటుకునే పట్టీ మధ్యలో స్టోమా (పొట్ట మీదికి తెచ్చి కుట్టిన పేగు చివర) కొలతకు తగ్గట్టు రంధ్రం కత్తిరించుకోవాలి. కత్తిరించిన అంచు చర్మానికి గుచ్చుకోకుండా వేలితో నునుపు చేసి, చర్మాన్ని పూర్తిగా ఆరబెట్టి అతికించాలి. ఆపరేషన్ అయిన కొత్తలో స్టోమా వాచి ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో క్రమంగా చిన్నదవుతుంది. ఆసుపత్రిలో ఇచ్చిన కొలతతోనే కత్తిరిస్తూ పోతే చుట్టూ సందు ఏర్పడి, ద్రవం అడుగుకు చేరి చర్మం పుండవుతుంది. పుండు మీద పట్టీ అంటదు, అంటక మళ్లీ కారుతుంది. వారం వారం కొలిచి, స్టోమా కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా కత్తిరించాలని మాకు చెప్పినవారు అదే ఆపరేషన్ అయిన మరో రోగి. ఆ పెద్దమనిషికి మేము రుణపడి ఉన్నాం.

ఈ ఆపరేషన్‌ను దశలవారీగా చేసేటప్పుడు మొదటి దశలో పురీషనాళాన్ని (మలద్వారానికి పైన ఉండే పేగు చివరి భాగాన్ని) అలాగే ఉంచేస్తే, అక్కడి నుంచి జిగురు రావడం, మలవిసర్జనకు వెళ్లాలనిపించడం మామూలే. ఈ సంగతి ముందే చెప్పకపోతే రోగి ఆపరేషన్ విఫలమైందనుకుని కుంగిపోతాడు. శరీరం ఇలా మారినప్పుడు మనసు కుదుటపడటానికి గాయం మానడం కన్నా ఎక్కువ కాలం పట్టవచ్చు, దానికి వైద్య సహాయం అడగడం తప్పేమీ కాదు.

ఆసుపత్రులు త్వరగా ఇంటికి పంపడాన్ని నేను తప్పుపట్టడం లేదు. రోగిని త్వరగా నడిపించి, త్వరగా ఆహారం మొదలుపెడితే మేలు జరుగుతుందని డెన్మార్క్ శస్త్రవైద్యుడు హెన్రిక్ కెలెట్ 1990లలో చూపించారు. ఆ పద్ధతి నేడు ప్రపంచమంతా వ్యాపించింది. కానీ ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గినప్పుడు ఆ మేరకు నర్సింగు బాధ్యత కుటుంబం మీద పడుతుంది. బాధ్యత అప్పగించేవారు పని కూడా నేర్పి పంపాలి కదా. రోగి గానీ, ఇంట్లో ఒకరు గానీ సిబ్బంది ఎదుట తమ చేతులతో సంచి మార్చి చూపించే దాకా డిశ్చార్జి చేయకూడదన్నది నా అభిప్రాయం.

అలా నేర్పడం ఒక వృత్తిగా మొదలైనదే ఒక రోగితో. అమెరికాలో అల్సరేటివ్ కొలైటిస్‌తో ఇలియోస్టమీ చేయించుకున్న నోర్మా గిల్‌ను, ఆమెకు శస్త్రచికిత్స చేసిన వైద్యుడు రూపర్ట్ టర్న్‌బుల్ 1958లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ఇతర రోగులకు నేర్పే పనిలో నియమించారు. నేటి స్టోమా నర్సుల వృత్తికి అదే ఆరంభం. ఇటువంటి ఆపరేషన్లు చేసే ప్రతి ఆసుపత్రిలోనూ ఆ శిక్షణ పొందినవారు ఒక్కరైనా ఉండటం గొంతెమ్మ కోరిక కాదు.

మీరు స్టోమా నర్సుల చేత, కోలుకున్న రోగుల చేత ఈ విషయాలు రాయించి ప్రచురిస్తే ఎన్నో ఇళ్లకు ఉపయోగపడతాయి. అన్నిటికంటే ముందు, ఏ లక్షణాలు కనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలో అచ్చువేయండి. స్టోమా రంగు ఎరుపు తగ్గి ఊదాగానో నల్లగానో మారడం. సంచిలోకి గంటల తరబడి ఏమీ రాకుండా పొట్ట ఉబ్బి వాంతులవడం. జ్వరంతో పాటు నాడి వేగం, కడుపునొప్పి పెరగడం. ఒక కాలి పిక్క వాయడం, ఉన్నట్టుండి ఆయాసం రావడం. లేచి నిలబడగానే కళ్లు తిరగడం, మూత్రం బాగా తగ్గి ముదురు రంగులో రావడం.

ఇట్లు,
ఒక పాఠకురాలు