అమ్మ మోకాలి ఆపరేషన్ వేళ తోడు నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

మా అమ్మ కుడి మోకాలికి కీలుమార్పిడి ఆపరేషన్ జరిగి, గాయం పూర్తిగా మాని, ఇప్పుడు ఆమె చేతికర్ర లేకుండా వీధి చివరి రామాలయం దాకా నడిచి వస్తున్నారు. ఆమెను ఈ స్థితికి తెచ్చిన వారికి నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకోవడం మా కుటుంబ ధర్మం. ఎవరు ఏం చేశారో, అది ఎందుకంత విలువైనదో వివరంగా చెబితేనే ఆ రుణాన్ని గుర్తించినట్టవుతుందని నా నమ్మకం. కాబట్టి ఇది కొంచెం పొడవుగానే ఉంటుంది, మన్నించండి.

అమ్మకు ఉన్నది వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల కాదు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే ఈ జబ్బులో కీలు లోపలి పలుచని పొర మీదికి తిరగబడుతుంది. ఆ పొర ఉబ్బి, మందమై, క్రమంగా మృదులాస్థినీ దాని కింది ఎముకనూ తినేస్తుంది. పొద్దున లేచిన గంటకు పైగా అమ్మ వేళ్లు ముడుచుకునేవి కావు. పాలప్యాకెట్ అంచును పళ్లతో పట్టి చింపుకునేవారు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని దాదాపు రెండు వేల ఏళ్ల క్రితమే రోమన్ రచయిత సెల్సస్, దెబ్బకో జబ్బుకో ఒంటి ప్రతిస్పందన అయిన ఇన్‌ఫ్లమేషన్‌కు చెప్పిన నాలుగు లక్షణాలూ ఆమె మోకాలిలో ఏళ్ల తరబడి కాపురం చేశాయి.

అయితే కత్తి పడిన చోట గాయం మానాలంటే మొదట జరగవలసింది కూడా ఇన్‌ఫ్లమేషనే. కీళ్లలో ఆపవలసిన దాన్నే గాయంలో జరగనివ్వాలి, అదీ ఒకే మనిషి ఒంట్లో, ఒకే వారంలో. ఈ చిక్కును ముందుగానే గుర్తించి, ఒకరితో ఒకరు ఫోనులో మాట్లాడుకుని, ఏ మందు ఎప్పటిదాకా వాడాలో ఒకే కాగితం మీద రాసి మా చేతికి ఇచ్చిన, కీళ్లవాతం చూసే రుమటాలజిస్టు గారికి, ఎముకల డాక్టరు గారికి మా మొదటి నమస్కారం. ఇద్దరు పెద్ద డాక్టర్లు ఒక రోగి కోసం అలా కలిసి ఆలోచించడం ఎంత అవసరమో మాకు అప్పుడే తెలిసింది.

అంతకుముందు చాలాకాలం అమ్మ వాడిన నొప్పి బిళ్ళల్లో స్టెరాయిడ్ ఉందని రుమటాలజిస్టు గారే కనిపెట్టారు. స్టెరాయిడ్ ఇన్‌ఫ్లమేషన్‌ను వేగంగా అణచివేస్తుంది, కానీ ఎక్కువ మోతాదులో గాయం మానడాన్ని కూడా వెనక్కి లాగుతుంది. 1975లో లీబోవిచ్, రాస్ అనే శాస్త్రవేత్తలు గినీపిగ్‌లకు హైడ్రోకార్టిసోన్‌తో పాటు గాయాన్ని శుభ్రం చేసే మాక్రోఫేజ్ కణాలను తగ్గించే సీరం ఇచ్చి చూసినప్పుడు, గాయంలోని చెత్త తొలగిపోలేదు, కొత్త కణజాలం రావడం బాగా ఆలస్యమైంది. అలాగని స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే. ఎక్కువకాలం బయటినుంచి అందిన స్టెరాయిడ్‌కు అలవాటుపడిన అడ్రినల్ గ్రంథులు తమ సొంత హార్మోను తయారీని తగ్గించేసుకుంటాయి, ఆపరేషన్ వంటి ఒత్తిడిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే డాక్టరు గారు మోతాదును వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చారు, అది తగ్గేదాకా ఆపరేషన్ తేదీ ఖరారు చేయనివ్వలేదు. కీళ్లవాతానికి అమ్మ వాడే మెథోట్రెక్సేట్‌ను మాత్రం ఆపనివ్వలేదు. బంధువులలో చాలామంది "ఆపరేషన్ ముందు అంత ఘాటు మందు ఎందుకు?" అని అడిగినప్పుడు, కీళ్లవాతానికి వాడే తక్కువ మోతాదులో అది గాయానికి చెరుపు చేయదనీ, ఆపితే కీళ్లన్నీ ఒకేసారి తిరగబెట్టి నడక నేర్చుకోవలసిన రోజుల్లో అమ్మ మంచం దిగలేకపోవచ్చుననీ ఓపిగ్గా చెప్పారు.

ఆపరేషన్ తర్వాత రెండో రోజు వచ్చిన రక్తపరీక్షలో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే ప్రొటీన్ అయిన సీఆర్‌పీ విపరీతంగా పెరిగి ఉంది. చీము పట్టిందేమోనని మా అన్నయ్య హడలిపోయాడు. రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరమ్మ అప్పటికి ఎన్ని వార్డులు తిరిగి వచ్చారో తెలియదు కానీ, మా దగ్గర నిలబడి, రిపోర్టు వెనుక పెన్నుతో ఒక గీత గీసి చూపించారు. సీఆర్‌పీని కాలేయం తయారుచేస్తుంది, శరీరంలో ఎక్కడ గాయమైనా అది పెరుగుతుంది. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకు శిఖరానికి చేరి, ఆ పైన వారాల మీద దిగుతుంది. "దిగుతూ దిగుతూ మళ్లీ లేస్తే, అప్పుడు మాకు చెప్పండి" అన్నారు. ఆ ఒక్క గీత మా ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టించింది. తల్లీ, మీ పేరు ఇక్కడ రాయడం లేదు కానీ అమ్మ రోజూ మిమ్మల్ని తలుచుకుంటారు.

డ్రెస్సింగ్ చేసిన సిస్టర్ గారి గురించి ఎంత రాసినా తక్కువే. కుట్ల చుట్టూ ఉన్న ఎరుపు అంచు వెంబడి మొదటి రోజే పెన్నుతో చుక్కలు పెట్టి, మరునాడు అది చుక్కలు దాటిందో లేదో చూసేవారు. చూస్తూనే లోపల ఏం జరుగుతున్నదో అమ్మకు అర్థమయ్యే మాటల్లో చెప్పేవారు. మొదటి గంటల్లోనే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు గాయానికి చేరి సూక్ష్మజీవులను చంపుతాయి. రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లు వచ్చి, చచ్చిన కణాలనూ, పని ముగిసిన న్యూట్రోఫిల్స్‌నూ మింగి శుభ్రం చేస్తాయి. విశేషమేమిటంటే, అలా శుభ్రం చేసిన మాక్రోఫేజ్‌లే తమ స్వభావం మార్చుకుని, దాడిని పెంచే సంకేతాలు తగ్గించి, కొత్త రక్తనాళాలనూ, చర్మానికి బలమిచ్చే ప్రొటీన్ అయిన కొల్లాజెన్‌నూ పిలిచే సంకేతాలు పంపడం మొదలుపెడతాయి. అమ్మ కీళ్లలో ఇన్నేళ్లూ జరగనిది సరిగ్గా ఈ మలుపే, అక్కడ మొదలైన దాడి ముగింపు లేకుండా సాగుతూ వచ్చింది. గాయంలో మాత్రం ఆ మలుపు సకాలంలో వచ్చింది, ఎరుపు చుక్కలు దాటలేదు. పైకి మానినట్టు కనిపించినా లోపల కొల్లాజెన్ అమరిక నెలల తరబడి సాగుతుందనీ, మచ్చ ఎంత గట్టిపడినా పాత చర్మపు బలంలో దాదాపు 80 శాతానికి మించదనీ ఆమె చెప్పబట్టే, ఇంటికొచ్చాక మోకాలు వెచ్చగా ఉన్నా మేము కంగారు పడలేదు.

ఫిజియోథెరపిస్టు గారు అమ్మ ఏడ్చినా కోప్పడకుండా, రోజుకు కాస్తంత ఎక్కువగా మోకాలు వంచించారు. రోజూ కోడిగుడ్లు, ముద్దపప్పు, ఉసిరికాయ పచ్చడితో క్యారియర్ పంపిన పిన్నికి, రక్తం ఇచ్చిన మా వీధి కుర్రాళ్లకు, రాత్రులు ఆసుపత్రి వరండాలో పడుకున్న బాబాయికి మా ఇల్లు ఎప్పటికీ రుణపడి ఉంటుంది.

మందుల షాపు తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాలు పోతాయి. అతను ప్రతి స్ట్రిప్ మీదా మార్కర్‌తో "సోమవారం మాత్రమే" అనీ, ఫోలిక్ ఆసిడ్ స్ట్రిప్ మీద "బుధవారం" అనీ రాసి, అమ్మ చేత చదివించుకుని గాని ఇచ్చేవాడు కాదు. ఈ రెండు మందుల వెనుకా భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారని కూడా అతనే అమ్మతో అన్నాడట. నిజమే, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, దాని పనిని అడ్డుకునే మెథోట్రెక్సేట్ కూడా అక్కడి పరిశోధనలోంచే వచ్చింది. ఆయన 1948లోనే కన్నుమూశారు, అమెరికాలో ఆ మందుకు కీళ్లవాతం చికిత్సలో అనుమతి వచ్చింది 1988లో. తన మందు మా అమ్మలాంటి ఎందరి చేతివేళ్లకు తిరిగి పట్టు ఇచ్చిందో ఆయన చూడలేదు. ఆయనకు కూడా మా నమస్కారం.

మెథోట్రెక్సేట్ కొనసాగుతోంది, స్టెరాయిడ్ పూర్తిగా ఆగిపోయింది, వచ్చే నెలలో కాలేయం పరీక్షలు ఉన్నాయి. ఇలాంటి ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు ఎవరైనా ఉంటే, మా డాక్టర్లు రాసిచ్చిన ఆ కాగితాన్ని సంతోషంగా చూపిస్తాను. దాన్ని మీ డాక్టరు గారి ముందుంచి, మీ మందుల సంగతి వారినే అడగండి. అమ్మ తరఫున, మా కుటుంబం తరఫున పేరుపేరునా అందరికీ కృతజ్ఞతలు.