తిరగబెట్టిన లింఫోమా పాతదేనా?

సంపాదకులకు,

నమస్కారం. లింఫు గ్రంథుల క్యాన్సర్ అయిన లింఫోమాకు ఇచ్చే కార్-టి చికిత్స గురించి తెలుగు పత్రికల్లో వస్తున్న వార్తలను, పాథాలజీ అధ్యాపకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను ఆసక్తితో చదువుతున్నాను. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ సెంటర్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19 అనే దేశీయ కార్-టి చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి రావడం, 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా అది విడుదల కావడం గర్వించదగిన విషయాలే. అయితే ఈ కథనాలు చాలావరకు కణాలు ఎక్కించిన రోజుతోనో, తొలి పెట్ స్కాన్ శుభ్రంగా వచ్చిన రోజుతోనో ముగిసిపోతున్నాయి. ఆ తర్వాత జబ్బు తిరగబెట్టినవారిలో అది ఎలా మారిపోతుందన్నది ప్రస్తావనకే రావడం లేదు.

ఈ చికిత్సలో రోగి రక్తం నుంచి రోగనిరోధక కణాలైన టి-కణాలను వేరుచేసి, క్యాన్సర్‌గా మారిన బి-కణాల (మరో రకం తెల్ల రక్తకణాల) మీదుండే సీడీ19 అనే ప్రోటీన్‌ను పట్టుకునేలా వాటికి కొత్త జన్యువును చేర్చి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. మొండి లింఫోమాలో దీని ప్రభావాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. అమెరికాలో యెస్కార్టా అనే కార్-టి మందుకు 2017లో అనుమతి తెచ్చిపెట్టిన జూమా-1 అధ్యయనంలో, అంతకుముందు మందులేవీ పనిచేయని 101 మందికి కణాలు ఎక్కించగా, అయిదేళ్లకు బతికి ఉన్నవారు సుమారు 43 శాతం. కానీ సగానికి పైగా రోగులలో జబ్బు లొంగకపోవడమో తిరగబెట్టడమో జరిగిందని కూడా అదే అధ్యయనం చెబుతోంది.

అలా తిరగబెట్టిన లింఫోమాల్లో దాదాపు మూడింట ఒక వంతు సీడీ19ను పోగొట్టుకునో, బాగా తగ్గించుకునో వస్తాయి. ఒకే మందు పదేపదే పిచికారీ చేసిన పత్తి చేలో ఆ మందుకు చావని పురుగే మిగిలి సంతతిని పెంచుకోవడం మా గుంటూరు రైతులకు తెలిసిన సంగతే. ఇక్కడ జరిగేదీ అదే. కొన్ని కణాల్లో సీడీ19 జన్యువే దెబ్బతింటుంది. మరికొన్నింటిలో జన్యువు బాగానే ఉన్నా, కార్-టి పట్టుకోవలసిన భాగం లేకుండా ప్రోటీన్ తయారవుతుంది. ఈ రెండోది మా వృత్తివారిని సైతం మోసగించగలదు, ఎందుకంటే బయాప్సీ ముక్క మీద చేసే రంగు పరీక్షలో వాడే యాంటీబాడీల్లో కొన్ని ఆ ప్రోటీన్‌కు కణం లోపలుండే తోకను గుర్తిస్తాయి కాబట్టి, బయటి భాగం పోయినా నివేదికలో సీడీ19 పాజిటివ్ అనే పడుతుంది. మిగతా రోగుల్లో సీడీ19 అలాగే ఉంటుంది. అలసిపోయేవీ, కనుమరుగయ్యేవీ టి-కణాలే.

ఈ తేడా తర్వాతి చికిత్సను నిర్ణయిస్తుంది. సీడీ19 పోయిన రోగికి మళ్లీ దాన్నే గురిపెట్టే లాంకాస్టుక్సిమాబ్ వంటి మందు ఇవ్వడం డబ్బూ కాలమూ వృథా చేయడమే కావచ్చు. అదే కణాల మీద సీడీ20 అనే మరో ప్రోటీన్ మిగిలి ఉంటే, దాన్ని పట్టుకునే గ్లోఫిటమాబ్, ఎప్కోరిటమాబ్ వంటివాటికి అవకాశం ఉంటుంది. ఏది పోయిందో, ఏది మిగిలిందో పాత బయాప్సీ నివేదికను బట్టి చెప్పడం కుదరదు.

పైగా మెడలోనో గజ్జల్లోనో మళ్లీ బిళ్ల కట్టి, స్కాన్‌లో వెలిగినంత మాత్రాన అది లింఫోమాయే అని చెప్పలేం. రోగనిరోధక శక్తి సన్నగిల్లిన ఈ రోగుల్లో, ముఖ్యంగా మన దేశంలో, అది క్షయ కావచ్చు. అరుదుగా కొత్త టి-కణ లింఫోమా కూడా కావచ్చు. కార్-టి తర్వాత అటువంటివి బయటపడడంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 జనవరిలో ఈ మందుల తయారీదారులను తీవ్ర హెచ్చరికను ముద్రించమని కోరింది. ఆ బిళ్ల ఏమిటో తేల్చవలసింది ముక్క తీసి చేసే పరీక్షే.

లక్షలు ఖర్చుపెట్టి అలసిపోయిన కుటుంబం “మళ్లీ ముక్క తీయాలా?” అని అడగడాన్ని నేను తప్పుపట్టను. లోతుగా ఉన్న గ్రంథి నుంచి ముక్క తీయడం ప్రమాదకరమైన సందర్భాలూ ఉన్నాయి. కానీ అది సాధ్యమైన చోట కూడా పాత నివేదికతోనే కొత్త మందు మొదలుపెట్టడం నేను పనిచేసిన కాలంలో పలుమార్లు చూశాను. చికిత్సకు ముందు సంతకం చేయించుకునే అంగీకార పత్రం తెలుగులో ఉండి, జబ్బు తిరగబెడితే మరో బయాప్సీ అవసరం కావచ్చన్న మాట అందులో మొదటే ఉంటే, ఆ ప్రశ్న కుటుంబాన్ని అంత కుంగదీయదు.

రోగుల బంధువులకు కూడా ఒక మాట. మొదటి బయాప్సీ పారఫిన్ బ్లాకులను (మైనంలో భద్రపరచిన ముక్కలను) ఆసుపత్రి నుంచి అడిగి తీసుకుని, ఎండ తగలని చోట భద్రపరచండి. కొత్త ముక్కను పక్కన పెట్టి పోల్చి చూడడానికి పాథాలజిస్టుకు అవి కావాలి.

ఇట్లు,
విశ్రాంత పాథాలజీ అధ్యాపకుడు,
గుంటూరు