సునీతకి, నైట్ డ్యూటీ అయ్యాక

ఒసేయ్ సునీతా,

నీ మెసేజ్ చూసి నాలుగు రోజులైంది, రిప్లై ఇవ్వలేదని తిట్టుకునే ఉంటావ్. వరసగా నైట్లు పడ్డాయే, పొద్దున హ్యాండోవర్ ఇచ్చి బెంగళూరు మారతహళ్ళి ట్రాఫిక్ దాటి రూముకొచ్చి పడితే సాయంత్రం దాకా ఒళ్ళు తెలీట్లేదు. ఇవాళ నిద్ర పట్టక రాస్తున్నా, మొన్న ఒక తప్పు చెయ్యబోయి ఆగా, నీకు చెప్పకపోతే నాకు అన్నం అరగదు.

మా వార్డులో హిందూపురం తాత ఒకాయన, గాల్ బ్లాడర్‌లో, అదే పైత్యరసం సంచిలో రాళ్ళు, పొద్దున లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసేది) ఫస్ట్ కేసు. రాత్రి పదకొండుకి ఫైల్ చూస్తే కన్సెంట్ ఫారంలో, అదే ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నానని ఇచ్చే కాగితంలో, సంతకం లేదు. ఆపరేషన్ థియేటర్ చెక్‌లిస్ట్ నేనే పూర్తి చెయ్యాలి, ఫైల్ వెనక్కొస్తే తిట్లు కూడా నాకే. ఫారం చూస్తే ఒకవైపు ఇంగ్లీషు ఇంకోవైపు కన్నడం, తాతేమో తెలుగే కూడబలుక్కుని చదువుతాడు. కొడుకు "నేను పెడతాలే సిస్టర్, నాన్నకేం చెప్పొద్దు, భయపడతాడు" అన్నాడు. నీ దగ్గర దాచేదేముంది, పెన్నూ ఫారమూ అతని చేతికిచ్చేశా కూడా. ఇంతలో తాత "అమ్మా, రాళ్ళు తీసేస్తే ఆ సంచి మళ్ళా బాగా పనిచేస్తాది కదా" అని అడిగాడే! ఆ సంచినే తీసేస్తారని ఆయనకి ఎవరూ చెప్పలా.

ఫారం వెనక్కి లాక్కున్నా. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తే "మీరు తెలుగే కదా, మీరే చెప్పేయండి" అని విసుక్కున్నాడు. తెలుగులో మాట అందించడం వరకే నా పని, ఏం చేస్తారో ఏం ప్రమాదముందో చెప్పాల్సింది డాక్టరే, నేను సాక్షి సంతకం పెట్టేదాన్ని. చివరికి పొద్దున ఆరున్నరకి సర్జన్ వచ్చి మంచం పక్కన నిలబడి చెప్పారు, నేను తెలుగులో చెప్పా, సంచి తీసేస్తారు తాతా, పైత్యరసం లివర్ నుంచి నేరుగా పేగులోకి పోతుంది, చిన్న రంధ్రాల్లోంచి కుదరకపోతే కడుపు కోయాల్సి రావచ్చు అని. ఆయనకొచ్చిన డౌట్ ఒకటే, రాగి ముద్ద తినొచ్చా అని. తినొచ్చన్నాక పెన్ను గట్టిగా పట్టుకుని తన పేరు ఇంతింత అక్షరాలతో రాశాడు, రెండు నిమిషాలు పట్టింది, నేను గడియారం చూడలా.

మనకి కాలేజీలో చెప్పారు గుర్తుందా, 2008లో సుప్రీంకోర్టు తీర్పు? ఢిల్లీలో ఒకావిడ పరీక్ష కోసమని లాప్రోస్కోపీకి ఒప్పుకుంటే, మత్తులో ఉండగా బయటున్న వాళ్ళమ్మ చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదకొచ్చిన ఎమర్జెన్సీ కాదు, ఆవిడకి 44 ఏళ్ళు, తెలివొచ్చేదాకా ఆగి అడగొచ్చుగా, తల్లి సంతకం చెల్లదు, పరీక్షకి ఒప్పుకుంటే ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాదు అంది కోర్టు. ఇంతా చేసి పరిహారం 25 వేలు, అదేం లెక్కో నాకిప్పటికీ అర్థం కాదు. అప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టామే కానీ, మొన్న ఆ పెన్ను కొడుక్కిచ్చినప్పుడు ఒక్క ముక్కా గుర్తు రాలేదు చూడు.

ఇక నీ సంగతి. అమ్మ కేస్ షీట్ అడిగితే రేపు మాపు అంటున్నారన్నావు కదా, నోటితో అడక్కు, కాగితం మీద రాసిచ్చి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకో. మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల ప్రకారం పేషెంట్ గానీ, ఆమె తరఫున నువ్వు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్ళు దాచాలి కూడా. అప్పటికీ కదలకపోతే కన్స్యూమర్ కమిషన్ ఉంది, డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం ఆ చట్టం కిందకే వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడి సిస్టర్ల మీద మాత్రం అరవకే, రికార్డుల తాళం వాళ్ళ దగ్గర ఉండదు.

మా ఓనరాంటీ పక్కింటాయన మా హాస్పిటల్‌లో చేరాడని తెలిసి రోజూ కాఫీ ఇచ్చి మరీ కూపీ లాగుతోంది. కాఫీ తాగేసి, "నాకు వేరే వార్డాంటీ" అని వచ్చేస్తున్నా.

తాత నిన్న డిశ్చార్జ్ అయ్యాడు. తీసిన రాళ్ళు చిన్న డబ్బాలో ఇచ్చారు, పోయేటప్పుడు లిఫ్ట్ బాయ్‌కి కూడా చూపించి పోయాడు. సరే, కళ్ళు మూతలు పడుతున్నాయి. వచ్చేవారం ఆఫ్ ఉంది, అమ్మ దగ్గర ఎవరైనా ఉంటే శనివారం రైలెక్కు, గోంగూర పచ్చడి మర్చిపోకు.

నీ పద్మ