2024-25 వార్షిక నివేదిక: పిల్లల కలంకారీ తరగతులు, స్వర్ణముఖి పనులు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. ఆడిటర్ సంతకంతో జమాఖర్చుల పట్టికను సర్వసభ్య సమావేశం రోజు అందరికీ విడిగా ఇస్తాం. ఇక్కడ పనుల గురించి మాత్రమే రాస్తున్నాను. కొన్నింటి గురించి ఎక్కువగా, కొన్నింటి గురించి రెండు ముక్కల్లో రాశాను. ఎక్కువ రాసిన చోట మీ చర్చ కూడా ఎక్కువ జరగాలని కోరుకుంటున్నాను.

ఏడాది మొదట్లో మనం రెండు కమిటీలు వేసుకున్నాం. ఒకటి పిల్లలకు కలంకారీ నేర్పడానికి, ఇంకొకటి నది శుభ్రత, వార్డు సమస్యలు చూడటానికి. సంక్రాంతి వచ్చేసరికి రెండింటినీ ఒకటి చేశాం. శ్రీకాళహస్తి కలంకారీ పారే నీళ్ల మీద బతికే పని. స్వర్ణముఖి నదిని పట్టించుకోకుండా కలం పట్టడం ఒక్కటే నేర్పితే పిల్లలకు సగం పనే నేర్పినట్టు అని రెండు కమిటీల వాళ్లకూ అర్థమైంది.

పిల్లల తరగతులు

ఆదివారం పూట తరగతులు ఏడాది పొడవునా నడిచాయి. పరీక్షల నెలల్లో హాజరు తగ్గినా తరగతి మాత్రం ఆగలేదు. నేర్పిన వాళ్లంతా మన ఊరి కళాకారులే. అగ్రహారం నుంచి వచ్చిన పెద్దలు ఇద్దరు, పెళ్లయ్యాక ఈ పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా ఆర్డర్లు చేసుకుంటున్న అక్కలు కొందరు. వాళ్లకు ఇచ్చిన గౌరవ వేతనం చాలా తక్కువ. వచ్చే ఏడాది అది పెరగాలి. ఈ విషయం మీద తీర్మానం పెడుతున్నాం.

మొదటి రెండు నెలలూ పిల్లలు కాగితం మీద గీతలే గీశారు. కళ్లు, ముక్కులు, చేతి వేళ్లు, అంచు తీగలు. బొమ్మ ఇంకా ఇంటికి రాలేదేమని కొందరు తల్లిదండ్రులు అడిగారు. అడగడం న్యాయమే. డ్రాయింగ్ క్లాసుకు పంపితే వారానికొక బొమ్మ ఇంటికి వస్తుంది. కానీ గుడ్డ మీద కసిమితో, అంటే ఇనుముతో చేసిన నల్ల రంగుతో, గీసిన గీతను రబ్బరుతో తుడపలేం. చేయి కుదిరాకే గుడ్డ ముట్టుకోవాలన్నది మన పెద్దల పద్ధతి. దాన్ని మార్చే ఉద్దేశం మాకు లేదు.

మూడో నెలలో పిల్లలు తమ కలాలు తామే కట్టుకున్నారు. వెదురు పుల్లను చెక్కి, మొన సన్నగా తీసి, పైన ఉన్ని చుట్టి, దారంతో బిగించారు. ఉన్ని రంగును పీల్చుకుని ఉంచుతుంది. వేళ్లతో నొక్కితే మొన మీదికి దిగుతుంది. ఎంత నొక్కాలో చెప్పి నేర్పలేం, చేతికే తెలియాలి. తరగతుల్లోకెల్లా చిన్నది, నాలుగో తరగతి పిల్ల, తాను కట్టిన కలం మూడుసార్లు విడిపోయాక "తాతా, నాకొకటి కట్టివ్వవా" అని అడిగింది. ఆయన కట్టివ్వలేదు. పక్కన కూర్చుని ఆ పిల్ల చేతే కట్టించారు. ఇలాంటి గురువులు దొరకడం మన అదృష్టం.

ఆ తర్వాత గాడా గుడ్డ, అంటే ముతక నూలు గుడ్డ. గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెట్టారు. పాలలో ఉన్న కొవ్వు వల్ల గీసిన గీత పక్కకు పాకదు. కరక్కాయలో ఉన్న వగరు కసిమిలోని ఇనుముతో కలిసి నల్లగా మారుతుంది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి వారాల తరబడి ఊరబెట్టిన కసిమి మామూలు కాగితం మీద అంత నలుపు రాదు. కరక్కాయ పాలు పట్టిన గుడ్డ మీద గీస్తే చూస్తుండగానే నల్లబడుతుంది. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు దీన్ని తన బడిలో సైన్సు ప్రాజెక్టుగా చేసి చూపించాడు. కెమిస్ట్రీ టీచరు మన తరగతికి వచ్చి ఇంకొంచెం వివరంగా చెప్పి వెళ్లారు. కళ వేరు, చదువు వేరు అనుకునే తల్లిదండ్రులకు ఆ రోజు జరిగింది చెబుతూ ఉంటాను.

పెద్ద పిల్లల బ్యాచ్ ఎరుపు దాకా వచ్చింది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూసి, ఆరబెట్టి, ఉతికి, ఆపైన రంగులో ఉడకబెట్టాలి. పటిక పూసిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మిగిలిపోయిన పటిక పారే నీళ్లలో కొట్టుకుపోవాలి. నిలిచిన నీళ్లలో ఉతికితే పక్కకు పాకి, తెల్లగా ఉండాల్సిన చోట కూడా ఎర్ర మరకలు దిగుతాయి. మా పిల్లల గుడ్డలు కొన్ని అలాగే పాడయ్యాయి. నదిలో నీళ్లు లేక తొట్టిలో ఉతకాల్సి రావడమే కారణం. అక్కడి నుంచి రెండో కమిటీ పని మొదలైంది.

స్వర్ణముఖి

ఈ నది ఏడాదంతా పారేది కాదు. వానలు పడితే వస్తుంది, లేకపోతే ఇసుక. అయినా మన పెద్దలు ఆ ఇసుకలో చెలమలు తీసి, పారే కాలంలో పారే నీళ్లలో, గుడ్డలు ఉతికేవారు. పేడ నీళ్లలో నానబెట్టిన గుడ్డను ఇసుక మీద పరిచి, మీద నీళ్లు చల్లుతూ ఎండలో తెల్లబరిచేవారు. ఇప్పుడు చాలామంది బోరు నీళ్లతోనే గడుపుకుంటున్నారు. బోరు నీళ్లలోని లవణాలను బట్టి రంగు మారిపోతోందని అందరిదీ ఒకటే ఫిర్యాదు. దీనికి తోడు ఒడ్డున చెత్త, మురుగు కాలువ.

మనం మొదట మామూలుగానే అర్జీ రాశాం. ఒక ఆఫీసులో ఇస్తే అది తమ పరిధి కాదన్నారు. ఇంకో ఆఫీసులో తీసుకున్నారు, కానీ కదలిక లేదు. అప్పుడు తరగతిలోని పిల్లల చేత ఒక పెద్ద గుడ్డ మీద నది బొమ్మ గీయించాలన్న ఆలోచన గురువుల నుంచే వచ్చింది. పిల్లలు ఒడ్డు వెంట నడిచి చూశారు. చెత్త ఎక్కడ పోస్తున్నారు, మురుగు ఎక్కడ కలుస్తోంది, తాతల కాలంలో గుడ్డలు ఎక్కడ ఉతికేవారు అన్నది ఇంట్లో పెద్దలను అడిగి గుర్తులు వేసుకున్నారు. కలంకారీలో కథను గడులు గడులుగా చెబుతారు, గడి కింద రాత ఉంటుంది. రామాయణం, భారతం చెప్పిన ఆ పద్ధతిలోనే పిల్లలు తమ నది కథ చెప్పారు. గడుల కింద రాతలు కూడా వాళ్లవే.

ఆ గుడ్డను వార్డు సచివాలయంలో పరిచి చూపించాం. తర్వాత సోమవారం అర్జీల రోజున ప్రజా సమస్యల పరిష్కార వేదికకు కూడా తీసుకెళ్లాం. మూడు పేజీల అర్జీని పైపైన చూసే అధికారులు ఈ గుడ్డ ముందు ఆగి, ఒక్కో గడి చదివి, పిల్లలను ప్రశ్నలు అడిగారు. రసీదు తీసుకున్నాం. రసీదు లేని అర్జీ ఇచ్చినట్టు కాదని ఈ ఏడాది పిల్లలు కూడా నేర్చుకున్నారు.

ఫలితం గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఒడ్డున ఒకచోట పేరుకున్న చెత్త తీసేశారు, మళ్లీ పోయకుండా కంచె వేశారు. మురుగు కాలువ సమస్య అలాగే ఉంది. దాని మీద సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, పనుల అంచనా ఏ దశలో ఉందో అడిగాం. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన జవాబు అసంపూర్తిగా ఉంది కాబట్టి అప్పీలుకు వెళ్తున్నాం. గుడ్డలు ఉతుక్కోవడానికి నీళ్లు పారేలా ఒక సిమెంటు కాలువ, మృదువైన నీళ్లు అందే ఏర్పాటు, వాడిన రంగు నీళ్లు నేరుగా నదిలోకి పోకుండా ఒక గుంత, ఈ మూడూ కలిపి అడుగుతున్నాం. మూడోది మనమే అడగడం కొందరికి వింతగా తోచింది. మనవి కాయల రంగులు, చెట్ల రంగులు అయినా, పటిక నీళ్లు ఎక్కడబడితే అక్కడ వదలకూడదు. నది బాగుండాలని అడిగేవాళ్లం మన వంతు కూడా చేయాలి.

ఓటు

నివేదిక కాలం మొదలైంది ఎన్నికల వేడిలో. 2024 మే 13న పోలింగ్. అంతకు ముందు పేరు ఉందో లేదో చూసుకోవడానికి, కొత్తగా ఓటరుగా నమోదయ్యేవాళ్ల ఫారం 6 నింపడానికి మన వాలంటీర్లు సాయం చేశారు. పిల్లలు గుడ్డ బ్యానర్లు గీశారు. ఏ పార్టీ గుర్తూ కనబడకూడదన్న నియమం వల్ల ఒక చిక్కు వచ్చింది. కలంకారీ అంచుల్లో తామర పువ్వు లేకుండా గీయడం మన గురువులకు అలవాటు లేదు. అయినా ఆ బ్యానర్ల వరకు మామిడి పిందెలు, చిలకలతో సరిపెట్టారు. ఇంత జాగ్రత్త అవసరమా అని అడిగినవాళ్లు ఉన్నారు. అవసరమే. మన సంఘం ఏ పార్టీదీ కాదని ఊరంతా నమ్మితేనే మనం ఎవరి దగ్గరికైనా అర్జీ పట్టుకుని వెళ్లగలం. 2025 జనవరి 25న, జాతీయ ఓటర్ల దినం రోజున, ఇంటర్ పిల్లలకు ముందస్తు నమోదు గురించి చెప్పాం. 17 ఏళ్లు నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చని, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల ఒకటో తేదీలను అర్హత తేదీలుగా తీసుకుంటారని చాలామందికి తెలియదు.

బడులు, పై చదువులు

2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, స్థానిక చేతిపనివాళ్ల దగ్గర నేర్చుకునే ఏర్పాటు ఉంది. దాన్ని చూపించి ప్రభుత్వ బడుల ప్రధానోపాధ్యాయులతో మాట్లాడాం. కొన్ని బడులు పిల్లలను మన కళాకారుల ఇళ్లకు పంపాయి. కళాకారుడిని స్టేజీ ఎక్కించి శాలువా కప్పడం కన్నా పిల్లలు ఆయన వాకిట్లో కూర్చుని కరక్కాయలు దంచడం మేలని నా అభిప్రాయం. శాలువాల ఖర్చు ఈ ఏడాది పూర్తిగా మానేశాం. ఆ డబ్బు గుడ్డకూ కరక్కాయలకూ వెళ్లింది.

దీన్ని బతుకుతెరువుగా చేసుకోవాలనుకునే పిల్లల కోసం ఒక సాయంత్రం కూర్చుని దారులన్నీ చెప్పాం. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ సంప్రదాయ శిల్ప కళాశాలలో రెండేళ్ల కలంకారీ సర్టిఫికెట్ కోర్సు ఉంది. మనకు ఇంత దగ్గరలో ఉన్నా దాని సంగతి మన ఊళ్లోనే చాలామందికి తెలియదు. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్ఏయూ) ఉన్నాయి. సాంస్కృతిక శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ సీసీఆర్టీ 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సంప్రదాయ కళలు నేర్చుకోవడానికి స్కాలర్‌షిప్ ఇస్తుంది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వాళ్లకు కళా ఉత్సవ్ పోటీలు ఉన్నాయి. మన పిల్లల్లో సీసీఆర్టీకి దరఖాస్తు పెట్టినవాళ్లు ఉన్నారు. ఫలితాలు రాగానే తెలియజేస్తాం.

ఈ ఊళ్లో ఈ పని ఒకప్పుడు దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. 1950ల్లో చేతివృత్తులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక మళ్లీ నిలబడింది. మన కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ వీధి వీధిలో కలం పట్టినవాళ్లు కనబడుతున్నారంటే అప్పుడు ఎవరో పూనుకుని నేర్పించడం వల్లే. తరగతుల ఖర్చు గురించి సమావేశంలో ప్రశ్న వస్తుందని తెలుసు కాబట్టి ఇది గుర్తు చేస్తున్నాను.

మిగతా పనులు

2025 ఫిబ్రవరి 26న మహాశివరాత్రి. ఆ రోజుల్లో వచ్చే భక్తుల కోసం ఒక చిన్న స్టాల్ పెట్టాం. అమ్మకానికి కాదు, చేత్తో గీసినదానికీ స్క్రీన్ ప్రింటుకూ తేడా చూపించడానికి. ప్రింటులో ఒకే నెమలి గుడ్డంతా అచ్చుగుద్దినట్టు వస్తుంది. చేతిపనిలో ఏ రెండు నెమళ్లూ ఒకలా ఉండవు. మచిలీపట్నం, పెడన అచ్చుల కలంకారీ కూడా మంచి పనే, దాని దారి దానిది. మన గొడవంతా మెషిన్ మీద కొట్టి శ్రీకాళహస్తి కలంకారీ అని అమ్మేవాళ్లతోనే. మన కలంకారీకి జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉందని, ఆ పేరు ఇష్టం వచ్చినట్టు వాడకూడదని స్టాల్‌లో నిలబడి పిల్లలే చెప్పారు.

చేతివృత్తులవాళ్లకు కేంద్రం ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డులకు దరఖాస్తులు పెట్టించాం. ఆగస్టు 7 చేనేత దినం రోజున గాడా గుడ్డ నేసేవాళ్లతో మాట్లాడి, తరగతులకు నేరుగా వాళ్ల దగ్గరే కొనాలని నిర్ణయించాం. గ్రంథాలయం మరమ్మతులు మాత్రం ఈ ఏడాది కూడా మొదలు కాలేదు.

సర్వసభ్య సమావేశంలో చర్చకు వచ్చేవి

గురువుల గౌరవ వేతనం పెంపు, నది, కళల ఉమ్మడి కమిటీకి ఆమోదం, సమాచార హక్కు అప్పీలును కొనసాగించడం, కొత్త కార్యవర్గం ఎన్నిక. నది బొమ్మ ఉన్న గుడ్డను ఎక్కడ ఉంచాలన్నది కూడా తేలాలి. వార్డు సచివాలయం గోడకు వేలాడదీయాలని పిల్లలు అడుగుతున్నారు. కాలువ పని పూర్తయ్యేదాకా ప్రతి అర్జీతోపాటు దాన్ని తీసుకెళ్లాలని కొందరు సభ్యులు అంటున్నారు. నేను రెండో మాట వైపు ఉన్నాను.

చందా బాకీ ఉన్నవాళ్లు సమావేశానికి ముందే కోశాధికారి గారికి చెల్లిస్తే ఓటు హక్కు ఉంటుంది. జూన్‌లో మొదలయ్యే కొత్త బ్యాచ్‌కు పేర్లు ఇప్పటి నుంచే తీసుకుంటున్నాం. ఫీజు లేదు. ఆదివారాలు మానకుండా పంపుతామని తల్లిదండ్రులు మాట ఇస్తే చాలు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి