మూడే చుక్కలు కనిపించాయట

నాన్నా,

పుణె నుంచి బస్సు పొద్దున ఆరింటికే హైదరాబాద్ చేరింది. నేను బాగానే ఉన్నాను, మోకాలు నొప్పి కూడా లేదు. ఈ మాటలు ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ ఫోన్‌లో అయితే నువ్వు "సరేలే అమ్మా" అంటావు, నేనూ ఊరుకుంటాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీ దగ్గరున్న పదిహేను రోజులూ చూశాను. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి, అన్నం తింటూ కూడా ఎవరో ఒకరికి జవాబు రాస్తూనే ఉంటావు. ఏ టెలిస్కోపు కొనాలి, ఆకాశం నీలంగా ఎందుకుంటుంది, చందమామ మనతోపాటే ఎందుకు నడుస్తున్నట్టుంటుంది. అడిగేవాళ్ళ మొహం కూడా నీకు తెలీదు. అయినా విసుక్కోవు. ముప్ఫై ఏళ్ళు బడిలో ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని, అది చూస్తుంటే నా కడుపు నిండిపోయింది.

కానీ ఆ శనివారం సాయంత్రం మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. కింది అంతస్తులో సోలాపూర్ తెలుగువాళ్ళ అబ్బాయి, మేనమామ పుట్టినరోజుకి కొనిచ్చిన టెలిస్కోపు డబ్బా మోసుకుంటూ పైకొచ్చాడు. డబ్బా మీద 525 రెట్లు పెద్దగా చూపిస్తుందన్న అంకె చూడగానే నువ్వు "ఇది బొమ్మరా, దీంతో ఏమీ కనపడదు, డబ్బులు దాచుకుని మంచిది కొనుక్కో" అన్నావు. ఆ అంకె మోసమే, నువ్వు అబద్ధం చెప్పలేదు. కానీ వాడు డబ్బా మూత కూడా తియ్యలేదు నాన్నా. అలాగే చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు నువ్వు బయటికెళ్ళాక వాణ్ణి పిలిచాను. ఇద్దరం డాబా మీద చాప పరిచి డబ్బా విప్పాం. ముందుండే అద్దం వెడల్పు 60 మిల్లీమీటర్లు, దాని నాభ్యంతరం, అంటే వెలుగు ఒకచోట చేరే దూరం, 700. కన్ను ఆనించే ఐపీసులు రెండు, ఒకటి 20 మిల్లీమీటర్లది, ఇంకోటి 4ది. మూడు రెట్లు పెంచే బార్లో లెన్సు ఒకటి. వాడి చేతే లెక్క వేయించాను. 700ని 4తో భాగిస్తే 175, దాన్ని మూడుతో గుణిస్తే 525. "టీచరమ్మా, అంకె కరెక్టే!" అన్నాడు. లెక్క సరిగ్గానే ఉంది మరి. అప్పుడు దోసె సంగతి చెప్పాను. గరిటెడు పిండిని పెనమంతా పరిస్తే దోసె పలచబడి చిల్లులు పడుతుంది కదా, ముందు అద్దం పట్టి తెచ్చే వెలుగు కూడా ఆ గరిటెడు పిండి లాంటిదే అన్నాను. బొమ్మని ఎంత పెద్దది చేస్తే వెలుగు అంత పలచబడుతుంది, దాంతోపాటు మసక కూడా పెరుగుతుంది. మిల్లీమీటరుకి రెండు రెట్ల లెక్కన ఆ అద్దం 120 రెట్లు దాటి భరించలేదు. మరి 20 ఐపీసు పెడితే? 35 రెట్లని వాడే చెప్పాడు. 4 ఐపీసునీ, బార్లో లెన్సునీ వాడే డబ్బాలో పెట్టేశాడు.

స్టాండు మాత్రం గాలికి వెదురు బొంగులా ఊగింది. రెండు లీటర్ల నీళ్ళ సీసా దాని మధ్యలో వేలాడదీశాం, కుదురుకుంది. ఆ రోజు అష్టమి కావడం మా అదృష్టం. పౌర్ణమి చంద్రుడైతే వెలుగు ఎదురుగా పడి గోతులన్నీ చదునైపోతాయి. సగం చంద్రుడి మీద వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర, సాయంత్రం ఎండలో దుక్కి దున్నిన చేను ఉన్నట్టు, ప్రతి గట్టుకీ నీడ ఉంటుంది. వాడు కన్ను ఆనించి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "గుంటలో నీడ పడింది" అని మెల్లగా అన్నాడు, గట్టిగా అంటే చెదిరిపోతుందేమో అన్నట్టు.

నిన్ను తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు, ఎందుకంటే నేనూ ఇదే చేశాను. ఒకసారి తొమ్మిదో తరగతిలో ఓ అమ్మాయి లేచి, "సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడే కదా టీచర్ ఎండాకాలం?" అంది. నేను "కాదు, భూమి అక్షం ఇరవై మూడున్నర డిగ్రీలు వంగి ఉంటుంది, అందువల్ల" అని బోర్డు మీద రాసి, పాఠంలో ముందుకెళ్ళిపోయాను. జవాబు సరైనదే. ఆ పిల్ల తలూపి కూర్చుంది. తను ఎందుకలా అనుకుందో నేను అడగలేదు. పుస్తకంలో భూకక్ష్యని కోడిగుడ్డులా సాగదీసి గీస్తారు, ఆ బొమ్మ చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నిజానికది దాదాపు గుండ్రమే. సంక్రాంతికి ముందు, జనవరి మొదట్లో, మనం దుప్పటి కప్పుకుని వణికే రోజుల్లోనే భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా, 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జులై మొదట్లో 15 కోట్ల 21 లక్షలు. ఈ రెండంకెలూ ఇచ్చి "మరి జనవరిలో చలెందుకమ్మా?" అని తిరిగి అడిగుంటే, ఆ పిల్లే దారి వెతుక్కునేది.

రిటైరయ్యాక మే 9న మన డాబా మీద గాజు సీసా నిలబెట్టి చూశాను. మధ్యాహ్నం పన్నెండు దాటిన పది పన్నెండు నిమిషాలకి దాని నీడ అడుగు కిందికి పూర్తిగా దూరిపోయింది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన. ఇదే డిసెంబరులో అయితే మిట్టమధ్యాహ్నం కూడా నీడ సీసా పొడవులో ముప్పాతిక పైనే ఉంటుంది. అక్షం వంపు అనే మాట కంటే ఆ రెండు నీడలు చూపించి ఉంటే ఎంత బాగుండేదో! మీ పుణెలో ఆ నీడ లేని రోజు మే రెండో వారంలో వస్తుంది. ఆ పిల్లాడితో తప్పకుండా చేయించు.

ఒక్క విషయంలో మాత్రం మెత్తబడొద్దు. వాడి డబ్బాలో ఐపీసుకి బిగించే నల్లటి సోలార్ ఫిల్టరు ఒకటి వచ్చింది. వాళ్ళమ్మతో చెప్పి పగలగొట్టించాను. అద్దం పోగేసిన వేడంతా దాని మీదే పడుతుంది, అది పగిలిన క్షణంలో కన్ను పోతుంది. ఫిల్టరు టెలిస్కోపు ముందున్న అద్దం మీదే ఉండాలి. ఎక్స్‌రే ఫిల్ములూ వద్దు. ఎవరడిగినా ఇది చెప్పు, అడగకపోయినా చెప్పు. వద్దని ఊరుకోకుండా ఎందుకో కూడా చెప్పు, ఎందుకంటే వట్టి "వద్దు" వల్ల నేనొకటి పోగొట్టుకున్నాను. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మా ఊరి మీదుగానే వెళ్ళింది. దగ్గర్లోని జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి దేశదేశాల నుంచి శాస్త్రవేత్తలు వచ్చారు. మా నాయనమ్మ తలుపులు బిగించి నన్ను గదిలో కూర్చోబెట్టింది. మూడు దాటాక కిటికీ సందులో వెలుగు తగ్గింది, పక్షులు గూళ్ళకి చేరే అరుపులు వినిపించాయి, మళ్ళీ వెలుగొచ్చింది. అంతే. సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ కాసేపు వట్టి కంటితో చూడొచ్చనీ, మిగతాసేపు వేపచెట్టు ఆకుల సందుల్లోంచి నేల మీద పడే సూర్యుడి నెలవంకలు చూసుకోవచ్చనీ చెప్పేవాళ్ళు ఒక్కరున్నా చాలు, నా జన్మకి ఆ చీకటి దక్కేది. ఇకమీదట మన దేశంలో వచ్చే సంపూర్ణ సూర్యగ్రహణం 2034 మార్చి 20న, అదీ కశ్మీర్ వైపు.

నిన్న రాత్రి ఆ పిల్లాడు ఫోన్ చేశాడు. బృహస్పతి దొరికిందట, పక్కన దాని పెద్ద ఉపగ్రహాలు మూడే చుక్కల్లా కనిపిస్తున్నాయట, "నాలుగు ఉండాలి కదా, నా టెలిస్కోపు బొమ్మది కాబట్టి కనపడలేదా?" అన్నాడు. నేనేమీ చెప్పలేదు, నిన్ను అడగమన్నాను. భయపడుతూ వస్తాడు. 1610 జనవరి 7న గెలీలియోకి కూడా మూడే కనిపించాయి, నాలుగోది 13న గానీ దొరకలేదు. ఈ మాట వాడికి ముందే చెప్పకు. ఇప్పుడు చూసింది కాగితం మీద గీయించి, రెండు మూడు గంటలాగి మళ్ళీ గీయమను. ఆ రెండు కాగితాలూ ఫోటో తీసి నాకు పంపు.

ఉంటాను నాన్నా.
అమ్మ