నీకు చెప్పకుండా పెట్టిన సంతకం

చిట్టితల్లీ,

మొన్న ఫోన్‌లో అడిగావు, "అమ్మా, గడ్డ ఓవరీల్లోనే ఉంటే మరి వాటినెందుకు తీసెయ్యలేదు?" అని. గొంతు పెగల్లేదు. అందుకే రాస్తున్నాను.

నీకప్పుడు పదిహేడు. ఇంటర్ హాస్టల్ నుంచి వచ్చేసరికి పొట్ట ఉబ్బి ఉంది. గ్యాస్ అనుకుని రెండు వారాలు మాత్రలు వాడాం. ఆ రెండు వారాలు గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు. స్కానింగ్‌లో రెండు అండాశయాల్లోనూ గడ్డలు కనిపించాయి. అండాశయ క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే సీఏ-125 కూడా ఎక్కువగా ఉంది. కడుపులో నీరు చేరినా అది పెరుగుతుందని నాకేం తెలుసు? అండాశయ క్యాన్సర్ అయి ఉంటుందని, సోమవారం ఆపరేషన్ చేసి గర్భసంచితో సహా తీసేయాల్సి రావచ్చని చెప్పారు.

మీ మేనమామ పట్టుబట్టి ఇంకో డాక్టరమ్మకు చూపించాడు. ఆవిడ ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్ష రిపోర్టు దగ్గర ఆగిపోయింది. కణాలు వేగంగా పెరిగి చస్తుంటే అది పెరుగుతుందట. అది చాలా ఎక్కువగా ఉంది. "ఇంత చిన్న వయసు, రెండు వైపులా, ఇంత తొందరగా పెరగడం... కోసే ముందు సూదితో ముక్క తీసి చూద్దాం" అంది.

ఆ ముక్కను చూసిన పెథాలజిస్టు మొహం నేను చూడనేలేదు. కానీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. నల్లగా కిక్కిరిసిన కణాల మధ్య అక్కడక్కడా తెల్లటి చుక్కలు, అచ్చం చుక్కల ఆకాశంలా ఉందట. చచ్చిన కణాలను మింగే కణాలే ఆ చుక్కలట. కి-67 పరీక్షలో దాదాపు నూటికి నూరు కణాలూ విభజన చెందుతూనే ఉన్నాయి. కణాల పెరుగుదలను నడిపే మిక్ అనే జన్యువు తన చోటు మారిందని ఇంకో పరీక్షలో తేలింది. అది బర్కిట్ లింఫోమా అనే తెల్ల రక్తకణాల క్యాన్సర్. 1958లో ఉగాండా పిల్లల దవడల్లో వచ్చే గడ్డల గురించి రాసిన డాక్టర్ పేరే దానికి పెట్టారు. ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదట. కానీ అది రక్తకణాల జబ్బు కాబట్టి దానికి కీమోనే వైద్యం, అవయవాలు తీసేయడం కాదు. ఆపరేషన్ ఆగిపోయింది.

ఎముక మజ్జ, వెన్ను నీరు పరీక్షలన్నీ గబగబా అయిపోయాయి. గంటగంటకూ మూత్రం కొలుస్తుంటే సిగ్గుతో ఏడ్చావు, గుర్తుందా? క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా చస్తే కిడ్నీలు దెబ్బతింటాయని అన్ని సెలైన్లు ఎక్కించారు.

ఇక నీకు చెప్పనిది. కీమోతో ముందుముందు పిల్లలు పుట్టడం కష్టం కావచ్చని, అండాలు తీసి దాచేంత వ్యవధి లేదని డాక్టరమ్మ చెప్పింది. నేనే సంతకం పెట్టాను. నువ్వు పక్క గదిలో మెలకువగానే ఉన్నావు, అయినా నిన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే భయపడి వద్దంటావేమోనని. నాలుగేళ్లుగా అది నా గుండెల్లో ముల్లులా ఉంది.

ఆ కాగితం బీరువాలో, నీ పదో తరగతి సర్టిఫికెట్ల కింద పచ్చ ఫైల్లో ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసి చదువు. కోపమొస్తే నా మీద అరిచెయ్, పడతాను.

మీ అమ్మ